పాముపొడ ఐసొలేట్‌లో వైరస్ ఉంది, పక్క ఐసొలేట్‌కి ఎక్కడం లేదు. అడ్డుకుంటున్నది ఏది?

1. వరిమడి_రైజో

వరి పాముపొడ తెగులు తెచ్చే రైజోక్టోనియా సొలాని, ఏజీ-1 ఐఏ. ఐసొలేట్లు (తెగులు మొక్క నుంచి విడిగా తీసి పెంచినవి) రెండు. మొదటిది లేత రంగు, పిడిఏ (బంగాళాదుంప, చక్కెర కలిపిన అగార్) మీద 28 డిగ్రీల్లో నాలుగో రోజుకి కూడా ప్లేటు నిండదు, స్క్లెరోషియాలు (గట్టిపడిన తంతువుల ముద్దలు) అరకొర. రెండోది ముదురు గోధుమ, రెండున్నర రోజుల్లో అంచు తాకుతుంది, వరి ఆకు తొడుగు మీద మచ్చలు గట్టిగా వస్తాయి. లేతదానిలో డిఎస్‌ఆర్‌ఎన్‌ఏ (వైరస్ గుర్తుగా చూసే రెండుపోచల ఆర్‌ఎన్‌ఏ) తీస్తే జెల్ మీద 2 కెబి (2,000 బేస్ జతలు) దగ్గర రెండు బ్యాండ్లు, ఒకదాని కింద ఒకటి. ముదురుదానిలో ఏమీ లేదు.

రెండింటినీ ఒకే ప్లేటులో ఎదురెదురుగా పెట్టాను. కలిశాక ముదురుదాని వైపు నుంచి ముక్క తీసి మళ్ళీ పెంచి చూస్తే బ్యాండ్ రాలేదు. తొమ్మిది ప్లేట్లు, తొమ్మిదీ అంతే. రెండు కాలనీల మధ్య సన్నటి ఖాళీ గీత ఒకటి కనిపిస్తోంది.

వైరస్ లోపలికి వెళ్ళి ముక్కలైపోతోందా, అసలు వెళ్ళడమే లేదా? ఈ రెండింటినీ విడదీసి తేల్చే దారి కావాలి.

2. డైసర్_రెండు

ఆర్‌ఎన్‌ఏ సైలెన్సింగ్ పనే అనుకుంటున్నా. శిలీంధ్రానికి వైరస్ మీద ఉన్న అసలు ఆయుధం అదే. రెండుపోచల ఆర్‌ఎన్‌ఏ కణంలో కనిపించగానే డైసర్ ఎంజైమ్ దాన్ని 21, 22 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల్లో ఒక పోచని ఆర్గొనాట్ పట్టుకుని, దానికి జత కుదిరే వైరస్ ఆర్‌ఎన్‌ఏని వెతికి నరుకుతుంది. ముదురుదానిలో ఈ వ్యవస్థ చురుగ్గా ఉంటే, ఎక్కిన కాస్త వైరస్ రెండు మూడు సబ్‌కల్చర్లలో మాయం.

3. తంతువు

2వ పోస్టుతో ఒప్పుకోను. ఆయుధం సంగతి తర్వాత, ముందు శత్రువు గడప దాటాడో లేదో చూడాలి కదా. మధ్యలో ఖాళీ గీత అని వాళ్ళే చెప్పారు. ఆ గీతలో ఉన్నవి చచ్చిన కణాలు.

శిలీంధ్ర వైరస్‌లలో చాలా వాటికి బయట తిరిగే దశే లేదు. తంతువూ తంతువూ అతుక్కుని, గోడ కరిగి, లోపలి ద్రవం కలిస్తేనే వైరస్ అటు నుంచి ఇటు వస్తుంది. కలిసిన రెండూ ఒకరికొకరు సరిపడకపోతే కలిసిన చోట కణాలు తమంతట తామే చనిపోతాయి. వైరస్ దారి అక్కడే తెగుతుంది.

4. పొలంగట్టు

రెండూ ఏజీ-1 ఐఏ అంటున్నారుగా? ఏజీ అంటేనే అతుక్కునే గుంపు. ఒకే గుంపులో ఉంటే కలవాలి.

5. తంతువు

అతుక్కోవడం వేరు, అతుక్కుని బతకడం వేరు. రైజోక్టోనియాలో నాలుగు మెట్లు చెబుతారు. సి0 అంటే పట్టించుకోవడమే లేదు, వేర్వేరు ఏజీలు. సి1 అంటే గోడలు ఆనుకుంటాయి, లోపలి పొర కలవదు. సి2 అంటే పొర కూడా కలుస్తుంది కానీ కలిసిన కణమూ పక్క కణాలూ చచ్చిపోతాయి. సి3 అంటే పూర్తి కలయిక, చావు లేదు. సి3 దాదాపుగా ఒకే క్లోన్ ముక్కల మధ్యే కనిపిస్తుంది. ఒకే పొలంలో ఒకే ఏజీకి చెందిన రెండు ఐసొలేట్లు సి2 ఇవ్వడం మామూలు విషయం.

చూసే పద్ధతి: స్లైడు మీద 2 శాతం వాటర్ అగార్ పలచగా పోయండి. రెండు ముక్కల్ని 2, 3 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, తడి కాగితం వేసిన పెట్టెలో 25 నుంచి 28 డిగ్రీల్లో ఉంచండి. 24 గంటల తర్వాత తరచూ చూస్తుండాలి, కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం మొదలవగానే ఆపేయాలి. ఆలస్యమైతే తంతువులు అల్లుకుపోయి ఏది ఎవరిదో తెలియదు. సాఫ్రానిన్‌లో 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి రంగు వేస్తే అడ్డుగోడలూ కేంద్రకాలూ స్పష్టం. 400 రెట్లలో ఒక తంతువుని మొదటి నుంచి పట్టుకుని కలిసిన చోటు దాకా వెళ్ళండి. ఒకటి రెండు చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం 20 కలయికలు లెక్కపెట్టండి. లోపలి ద్రవం ముడుచుకుపోయి కణం ఖాళీగా కనిపిస్తే సి2.

6. చెస్ట్‌నట్‌పుండు

ఈ చర్చకి మూలం చెస్ట్‌నట్ చెట్ల కథలోనే ఉంది, కొంచెం పొడుగ్గా చెబుతాను.

క్రైఫోనెక్ట్రియా పారసిటికా, చెస్ట్‌నట్ బెరడుకి పుండ్లు తెచ్చే శిలీంధ్రం. 1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాల చెట్ల మీద కనిపించింది. తర్వాత కొన్ని దశాబ్దాల్లో అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు వందల కోట్లలో పోయాయి. యూరప్‌లో 1938లో ఇటలీలోని జెనోవా దగ్గర బయటపడింది, అక్కడా అదే గతి పడుతుందనుకున్నారు. కానీ 1950ల మొదట్లో అంటోనియో బిరాగి కొన్ని చెట్ల పుండ్లు వాటంతట అవే మానుతుండటం గమనించాడు. ఆ పుండ్లలోని శిలీంధ్రాన్ని ఫ్రాన్స్‌లో జాఁ గ్రాంత్ బయటికి తీస్తే నారింజ రంగుకి బదులు తెల్లగా పెరిగింది, రోగం కలిగించే శక్తి తగ్గింది. దానికి ఆయన పెట్టిన పేరే హైపోవిరులెన్స్. 1977లో కనెటికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం వాళ్ళు అలాంటి స్ట్రెయిన్లలో రెండుపోచల ఆర్‌ఎన్‌ఏ చూపించారు. 1992లో చోయ్, నస్ ఇద్దరూ ఆ వైరస్ సిడిఎన్‌ఏని (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసిన డిఎన్‌ఏ నకలుని) వైరస్ లేని శిలీంధ్రంలో పెట్టి, తెలుపుదనమూ బలహీనతా రెండూ వైరస్ వల్లే అని తేల్చారు. ఆ వైరస్ సిహెచ్‌వి1, సుమారు 12.7 కెబి. దానికి ప్రోటీన్ తొడుగు కూడా లేదు.

ఇక గడప సంగతి. ఈ శిలీంధ్రంలో ఎవరితో కలవాలో నిర్ణయించే విక్ అనే జన్యు స్థానాలు ఆరు, ఒక్కోదానికి రెండు రూపాలు. అంటే 64 రకాలు. అన్నీ సరిపోతే వైరస్ హాయిగా వెళ్తుంది. ఒక్కటి తేడా ఉన్నా చాలా జంటల్లో తగ్గుతుంది, రెండు మూడు తేడాలుంటే దాదాపు ఆగిపోతుంది. యూరప్‌లో చాలాచోట్ల కొద్ది రకాలే ఉన్నాయి, అందుకే వైరస్ దానంతట అదే పాకింది. అమెరికా తూర్పు అడవుల్లో రకాలు ఎక్కువ. అదే వైరస్‌ని తీసుకెళ్ళి పూస్తే, పూసిన పుండు మానింది కానీ పక్క చెట్టుకి పాకలేదు. యూరప్ చెస్ట్‌నట్ చెట్టుకి కొంచెం తట్టుకునే శక్తి ఎక్కువన్నదీ నిజమే. అయినా పెద్ద తేడా ఈ కలయిక రకాలదే.

7. వరిమడి_రైజో

ఒక అనుమానం. విక్ తేడా ఉన్నా కొన్నిసార్లు వెళ్తుంది అన్నారు. ఎందుకలా?

8. చెస్ట్‌నట్‌పుండు

కణం చావడానికి కాస్త సమయం పడుతుంది. ద్రవం కలవడానికీ చావు మొదలవడానికీ మధ్య ఉన్న సందులో వైరస్ దూరిపోతుంది. ఏ విక్ స్థానం తేడా అన్నదాన్ని బట్టి ఆ సందు పెద్దదీ చిన్నదీ అవుతుంది. దిక్కు కూడా ముఖ్యమే: కొన్ని స్థానాల్లో వైరస్ ఒక రూపం నుంచి రెండో దానికి సులువుగా వెళ్తుంది, తిరిగి ఇటు రావడం కష్టం. ఆరింటిలో వైరస్‌ని నిజంగా ఆపేవి ఐదే.

ఈ లెక్క ఆధారంగానే 2016లో జాంగ్, నస్ ఆ ఐదింటిలో నాలుగింటిని తీసేసిన దాత స్ట్రెయిన్లు తయారుచేశారు. మిగిలిన ఐదో స్థానానికి రెండు రూపాలు కాబట్టి ఒక్కో రూపంతో ఒక్కోటి, జంటగా వాడాలి. ఆ జంట అన్ని స్థానాల్లో తేడా ఉన్న శిలీంధ్రానికి కూడా వైరస్‌ని అందించింది. శిలీంధ్రం గడప తీసేస్తే లోపలికి వెళ్ళడం వైరస్‌కి కష్టం కాదన్నమాట.

9. డైసర్_రెండు

సరే, గడప ముందు అని ఒప్పుకుంటా. కానీ లోపలి కాపలాని తీసిపారేయకండి. అదే చెస్ట్‌నట్ శిలీంధ్రంలో డైసర్లు రెండు, ఆర్గొనాట్‌లు నాలుగు. వైరస్ మీద పనిచేసేవి మాత్రం డైసర్లలో డిసిఎల్2, ఆర్గొనాట్‌లలో ఏజిఎల్2 మాత్రమే. డిసిఎల్2ని తీసేసిన స్ట్రెయిన్‌కి సిహెచ్‌వి1 ఎక్కిస్తే కాలనీ గిడసబారి చిన్న ముద్దలా ఉండిపోతుంది. డిసిఎల్1 తీసేస్తే పెద్ద తేడా లేదు. వైరస్ రాగానే డిసిఎల్2 సందేశం పది రెట్లకు పైగా పెరుగుతుంది. వైరస్ కూడా ఊరుకోదు, దాని పి29 ప్రోటీన్ ఈ కాపలాని అణిచేస్తుంది. పి29 తీసేసిన వైరస్‌తో చూస్తే డిసిఎల్2 ఇంకా ఎక్కువగా లేస్తుంది, వైరస్ తక్కువగా పెరుగుతుంది.

దీనివల్ల ఒక ముఖ్యమైన విషయం: ఒక వైరస్ లేపిన కాపలా, దానితో ఏ సంబంధం లేని ఇంకో వైరస్‌ని కూడా అణచగలదు. కాబట్టి ముదురుదానిలో ఇప్పటికే ఏదైనా చిన్న వైరస్ ఉందేమో చూడండి. బ్యాండ్ లేదు అంటే వైరస్ లేదు అని కాదు.

10. జెల్‌బ్యాండు

చివరి వాక్యం నూటికి నూరు పాళ్ళు నిజం. ఎలా తీశారో చెబితే బాగుండేది. నేను నమ్మే పద్ధతి ఇది.

మైసీలియం (తంతువుల అల్లిక) ద్రవ మాధ్యమంలో పెంచి, వడకట్టి, వడపోత కాగితాల మధ్య నీరు పోయేలా నొక్కి 2, 3 గ్రాములు తీసుకోండి. ద్రవ నైట్రోజన్‌లో పొడి చేసి, రెట్టింపు గాఢత ఎస్‌టిఈ (ఉప్పు, ట్రిస్, ఈడిటిఏ బఫర్) 10 మిల్లీలీటర్లు, ఎస్‌డిఎస్ 1 శాతం, అంతే పరిమాణం ఫినాల్-క్లోరోఫామ్. సెంట్రిఫ్యూజ్ చేసి పై నీటిని జాగ్రత్తగా తీయండి. ఇప్పుడు ఇథనాల్ 16 శాతానికి తేవాలి. 10 మిల్లీలీటర్లకు అసలు సిసలు ఇథనాల్ 1.9 మిల్లీలీటర్లు. ఇక్కడే చాలామంది తప్పుతారు. ఎక్కువైతే ఒంటిపోచ ఆర్‌ఎన్‌ఏ కూడా సెల్యులోజ్‌కి అంటుకుంటుంది, తక్కువైతే మనకు కావలసినదే కడుగునీటిలో పోతుంది. సెల్యులోజ్ పౌడర్ 1 గ్రాము కలిపి అరగంట తిప్పండి. అందరూ వాడిన సిఎఫ్-11 సెల్యులోజ్ తయారీ ఆగిపోయింది, నారలు పొడుగ్గా ఉన్న వేరే సెల్యులోజ్ పౌడర్ పనిచేస్తుంది. మరీ మెత్తటి పొడి కాలమ్‌ని బిగించేస్తుంది.

16 శాతం ఇథనాల్ ఉన్న ఎస్‌టిఈతో నాలుగైదుసార్లు కడిగి, ఇథనాల్ లేని ఎస్‌టిఈతో దింపండి. రెండున్నర రెట్లు ఇథనాల్, పదో వంతు సోడియం అసిటేట్ వేసి రాత్రంతా మైనస్ 20లో. తర్వాత డిఎన్‌ఏని కోసే డిఎన్ఏస్, ఒంటిపోచని కోసే ఎస్1 న్యూక్లియేస్.

బ్యాండ్ నిజంగా రెండుపోచలదే అని రుజువు: ఆర్‌ఎన్ఏస్-ఏ తో రెండు గొట్టాలు పెట్టండి. ఒకదానిలో సోడియం క్లోరైడ్ 0.5 మోలార్, రెండోదానిలో ఉప్పు లేదు. ఉప్పున్నచోట బ్యాండ్ నిలిచి, లేనిచోట పోతే అదే.

11. వరిమడి_రైజో

దాదాపు ఇదే చేశాను, ఇథనాల్ మాత్రం 2.5 మిల్లీలీటర్లు పోశాను. అంటే 20 శాతం. ఆర్‌ఎన్ఏస్ పరీక్ష చేయలేదు.

12. జెల్‌బ్యాండు

20 శాతంలో మురికి ఎక్కువ వస్తుంది కానీ రెండు పదునైన బ్యాండ్లు అయితే రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ కాకపోవచ్చు. మళ్ళీ తీసి ఉప్పు పరీక్ష చేయండి. ముదురుదానికి జెల్ చాలదు, ఆర్‌టి-పిసిఆర్ (ఆర్‌ఎన్‌ఏని డిఎన్‌ఏగా మార్చి పెంచి చూసే పరీక్ష) చేయాలి. రెండుపోచలు విడిపోకపోతే ప్రైమర్ అతుక్కోదు, కాబట్టి డిఎంఎస్‌ఓ కలిపి 95 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి వెంటనే ఐసులో ముంచాలి. ఐసుకి తెచ్చేలోపు గొట్టం బల్ల మీద పెట్టి మాట్లాడుతూ నిలబడితే పోచలు మళ్ళీ కలిసిపోతాయి.

బ్యాండ్ సైజు బట్టి ఇది పార్టిటివైరస్ అయ్యుండొచ్చు. ఈ కుటుంబంలో రెండు డిఎస్‌ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, రెండూ 2 కెబికి దగ్గర. ఏజీ-1 ఐఏ లోనే ఆర్‌ఎస్‌పివి2 అని ఒకటి తెలుసు, 2014లో చైనా నుంచి ప్రకటించారు. 2,020, 1,790 బేస్ జతలు. దాని కణాల్ని శుద్ధి చేసి వైరస్ లేని, రోగశక్తి ఉన్న స్ట్రెయిన్ ప్రోటోప్లాస్టుల్లోకి (గోడ తీసేసిన కణాల్లోకి) ఎక్కిస్తే అది కూడా నీరసపడింది. మీ జెల్‌తో సరిపోతోంది కానీ సీక్వెన్స్ చూడకుండా పేరు పెట్టొద్దు.

ఒకే బ్యాండ్, 2.7 కెబి దగ్గర ఉండి ఉంటే మైటోవైరస్ అనేవాణ్ణి. అది మైటోకాండ్రియాలో ఉంటుంది, తొడుగు లేదు, కణాలు శుద్ధి చేద్దామన్నా దొరకవు. దాని సీక్వెన్స్‌ని మామూలు సంకేతంతో అనువదిస్తే మధ్యలో యూజీఏ దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తుంది. మైటోకాండ్రియాలో యూజీఏ అంటే ట్రిప్టోఫాన్. అది తెలియక సీక్వెన్స్ చెడిపోయిందని పారేసినవాళ్ళున్నారు.

13. ఈస్ట్‌కుండ

డైసర్ గురించి ఇంత గొప్పగా చెబుతున్నారు కదా, అసలు డైసరే లేని శిలీంధ్రాలున్నాయి. బేకరీ ఈస్ట్, శాకరోమైసిస్ సెరివిసియే. దానికి డైసర్ లేదు, ఆర్గొనాట్ లేదు. మరి దానిలో వైరస్ ఎలా ఉంటోంది, ఎందుకు ఉంచుకుంటోంది?

ఎల్-ఏ వైరస్, 4.6 కెబి. దానితో పాటు, దాని మీద ఆధారపడే ఎం1 అనే ఉపగ్రహ ఆర్‌ఎన్‌ఏ. ఎం1 ఒక విషం తయారుచేయిస్తుంది. అదే పొడుగు ప్రోటీన్ దాన్ని మోసే కణానికి రక్షణ కూడా ఇస్తుంది. ఎం1 పోగొట్టుకున్న కణం పక్కవాడి విషానికి చస్తుంది. 2011లో ఒక ప్రయోగంలో దగ్గరి బంధువైన ఈస్ట్ నుంచి డైసర్, ఆర్గొనాట్ తెచ్చి దీనిలో పెడితే కిల్లర్ వైరస్ పోయింది. కాపలా పెడితే ఆయుధం పోయింది. మొక్కజొన్న కాటుక తెగులు శిలీంధ్రం ఉస్టిలాగో మేడిస్‌లో కూడా డైసర్ లేదు, దానిలోనూ కిల్లర్ వైరస్‌లున్నాయి. దాని బంధువు ఉస్టిలాగో హోర్డియైలో డైసర్ ఉంది, కిల్లర్ లేదు.

డైసర్ లేకపోయినా ఈస్ట్ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎస్‌కెఐ జన్యువులు వైరస్ సందేశాన్ని చదవనివ్వవు, ఎక్స్‌ఆర్‌ఎన్1 కొన నుంచి తినేస్తుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏకి మొదటి కొనన టోపీ లేదు, చివర పాలీ-ఏ తోక లేదు కాబట్టి గుర్తుపట్టడం తేలిక. వైరస్ తొడుగు మాత్రం కణం సొంత సందేశాల టోపీలు లాక్కుంటుంది.

కిల్లర్ పరీక్ష చేసేవాళ్ళకి: మిథిలీన్ బ్లూ కలిపిన అగార్, పిహెచ్ 4.2 నుంచి 4.7 మధ్య బఫర్, 20 నుంచి 25 డిగ్రీలు. పిహెచ్ 5 దాటితే కె1 విషం (ఎం1 తయారుచేయించేది) పనిచేయదు, ప్లేటు చూసి కిల్లర్ కాదని పొరపడతారు.

14. పొలంగట్టు

కుండ గారి పోస్టు దాచుకున్నాను. కానీ ఇవన్నీ ఎందుకు? వైరస్ ఎక్కిన పాముపొడని ద్రావణం చేసి పొలంలో కొట్టొచ్చా, అది చెప్పండి. ఇప్పుడు హెక్సాకొనజోల్ లీటరుకి 2 మిల్లీలీటర్లు లేదా వాలిడమైసిన్ 2 మిల్లీలీటర్లు కొడుతున్నారు, మళ్ళీ వస్తోంది.

15. చెస్ట్‌నట్‌పుండు

చెట్టుకి పని చేసిన పద్ధతి వరికి రాదు. చెస్ట్‌నట్‌లో పుండు అంచు చుట్టూ బెరడుకి కొన్ని సెంటీమీటర్లకొక రంధ్రం కలప తగిలేదాకా చేసి, వైరస్ ఉన్న మైసీలియం ముద్ద నింపి టేపు వేస్తారు. చెట్టు ఏళ్ళ తరబడి ఉంటుంది, పుండు నెమ్మదిగా పెరుగుతుంది, వైరస్‌కి సమయం దొరుకుతుంది. వరి నాలుగు నెలల పంట.

ఇంకో అడ్డు కూడా ఉంది, అది 1వ పోస్టులోనే ఉంది. పాముపొడ శిలీంధ్రం కొనిడియాలు (లైంగికేతర స్పోర్లు) వేయదు. సాగునీటి మీద తేలి పక్క మడికి వెళ్ళేవి స్క్లెరోషియాలే. వైరస్ ఉన్నది స్క్లెరోషియాలే సరిగా కట్టకపోతే, ఆ వైరస్ మడి దాటేది ఎలా? శిలీంధ్రాన్ని మరీ నీరసపరిచే వైరస్ తన బండి చక్రాలు తానే ఊడదీసుకున్నట్టు. సిహెచ్‌వి1లో కూడా ఈ లెక్క ఉంది, మరీ తీవ్రమైన రకాల కన్నా మెత్తని రకాలే అడవిలో బాగా పాకాయి.

16. తంతువు

అన్ని వైరస్‌లూ గడప దగ్గర ఆగవు. స్క్లెరొటీనియా స్క్లెరోషియోరం మీద 2010లో వుహాన్‌లోని హువాఝోంగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒంటిపోచ డిఎన్‌ఏ వైరస్ చూపించారు, ఎస్‌ఎస్‌హెచ్‌ఎడివి-1. గుండ్రటి జీనోమ్, 2,166 అక్షరాలు. దాని కణాల్ని శుద్ధి చేసి తంతువుల మీద పోస్తే చాలు, ఎక్కుతుంది, కలయిక అవసరం లేదు. శిలీంధ్రాన్ని తినే లైకోరియెల్లా అనే చిన్న ఈగ కూడా మోసుకెళ్తుంది. వైరస్ ఎక్కిన శిలీంధ్రం ఆవ జాతి మొక్కలో రోగం తేకుండా లోపలే స్నేహంగా ఉండిపోతుంది. పొలంలో కొట్టే ఆలోచనకి దగ్గరగా వచ్చింది ఇదే. కానీ ఇది స్క్లెరొటీనియా వైరస్, రైజోక్టోనియాది కాదు.

17. పాలపుట్టగొడుగు

అడ్డంగా వస్తున్నా. ముత్యపుచిప్ప పుట్టగొడుగు సంచుల్లో కాడలు పొడుగ్గా, గొడుగు బొత్తాం అంత. ఇది వైరస్సేనా? స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) మార్చాలా?

18. ఈస్ట్‌కుండ

ముందు కిటికీలు తెరవండి. ముత్యపుచిప్పలో పొడుగు కాడ, చిన్న గొడుగు అంటే పదిలో తొమ్మిదిసార్లు గాలి చాలక కార్బన్ డయాక్సైడ్ పెరగడమే. వెలుతురు తక్కువైనా అంతే. గది గాలి మార్చి తర్వాతి కోత చూడండి. సరైతే వైరస్ కాదు.

19. తంతువు

18కి తోడు. గాలి బాగున్నా కొన్ని సంచుల్లోనే ఇలా ఉండి, దిగుబడి కోత కోతకీ పడిపోతుంటే అప్పుడు వైరస్ అనుమానం. ముత్యపుచిప్పకీ గుండ్రటి వైరస్‌లున్నాయి. శిలీంధ్రంలో మొదటగా గుర్తించిన వైరస్ రోగమే పుట్టగొడుగుది: 1948లో పెన్సిల్వేనియాలో బటన్ పుట్టగొడుగుల్లో బయటపడింది, 1962లో ఇంగ్లాండ్‌లో హోలింగ్స్ వైరస్ కణాలు చూపించాడు.

చేయాల్సింది: అనుమానం ఉన్న సంచి నుంచి టిష్యూ కల్చర్ తీసి స్పాన్ చేయొద్దు. గొడుగు ముక్కలో ఉన్న తంతువులతో పాటు వైరస్ కూడా ప్లేటులోకి వస్తుంది, ప్రతి సంచికీ మీరే పంచినట్టవుతుంది. స్పోర్లలో కూడా వైరస్ వెళ్తుంది, అందుకే గొడుగు అంచు ఇంకా లోపలికి మడిచి ఉండగానే కోయాలి. బటన్ ఫారాల్లో పంట అయ్యాక గదిని ఆవిరితో 70 డిగ్రీల్లో 12 గంటలు ఉంచి గానీ కంపోస్టు బయటికి తీయరు. బతికున్న ఒక్క తంతువు చెక్క పెట్టెలో మిగిలినా కొత్త స్పాన్‌తో కలిసి వైరస్ ఇచ్చేస్తుంది.

20. పాలపుట్టగొడుగు

ప్లాస్టిక్ పరదా మొత్తం కిందికి దించి ఉంది, ఎత్తేశాను. కోత చూసి చెబుతా.

21. డైసర్_రెండు

వరిమడి గారు, ఇంకో మాట. లేతదనం వైరస్ వల్లే అని మీరు ఇంకా రుజువు చేయలేదు. రైజోక్టోనియా ఏజీ-3లో 3.57 కెబి డిఎస్‌ఆర్‌ఎన్‌ఏ ఎం2 రోగశక్తిని తగ్గిస్తే, 6.4 కెబి ఎం1 (ఈస్ట్ ఎం1 కాదు) పెంచడంతో ముడిపడి ఉంది. ఎల్లోస్టోన్ వేడి నేలలో ఒక గడ్డి బతకడానికి దానిలోని కర్వులేరియా శిలీంధ్రం, ఆ శిలీంధ్రంలోని వైరస్ రెండూ కావాలని 2007లో తేలింది, వైరస్ తీసేస్తే గడ్డి వేడిని తట్టుకోలేదు. వైరస్ అనగానే శిలీంధ్రానికి చెడు అనుకోకూడదు. లేతది పుట్టుకతోనే నీరసంగా ఉండి, వైరస్ ఊరికే అందులో కాపురం ఉంటూ ఉండొచ్చు.

22. పొలంగట్టు

అయితే లేతదాని నుంచి వైరస్‌ని తీసేసి చూడాలి. కొనిడియా లేదంటున్నారు, ఒక్క స్పోరు పద్ధతి కుదరదుగా?

23. తంతువు

కుదరదు. తంతువు కొన పద్ధతి. వాటర్ అగార్ మీద పలచగా పెంచి, వేగంగా పాకే కొనని సూక్ష్మదర్శిని కింద ఒక్క కణమంత కోసి పిడిఏ మీద పెట్టాలి. కొనలో వైరస్ తక్కువ ఉంటుంది, కానీ సున్నా కాదు. రిబవిరిన్ (వైరస్‌ని అణిచే మందు) కలిపిన పిడిఏ మీద కొన్ని సబ్‌కల్చర్లు చేసి, తర్వాత కొనలు తీస్తే దొరికే అవకాశం పెరుగుతుంది. ప్రోటోప్లాస్టులు చేసి ఒక్కోదాన్నీ విడిగా పెంచడం ఇంకా నమ్మకం. ఏది చేసినా 30, 40 తీసుకుని ఆర్‌టి-పిసిఆర్‌తో వడపోయాలి. పోయిందనుకున్నది మూడు సబ్‌కల్చర్ల తర్వాత మళ్ళీ పరీక్షించండి, అణగి ఉన్నది తిరిగి లేస్తుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా దీనిలోనే ఉంది. వైరస్ పోగొట్టిన లేతదాన్నే గ్రహీతగా వాడండి. అసలు లేతది, వైరస్ లేని లేతది రెండూ ఒకే క్లోన్, సి3 వస్తుంది, గడప అడ్డం లేదు. దానికి వైరస్ ఎక్కి ముదురుదానికి ఎక్కకపోతే మొదటి అనుమానం కలయిక మీదే.

24. డైసర్_రెండు

బాగుంది. దానికి రెండో సగం: వైరస్ కణాల్ని ముదురుదాని ప్రోటోప్లాస్టుల్లోకి నేరుగా ఎక్కించండి. గడప దాటించేశాం కాబట్టి ఇక మిగిలింది లోపలి కాపలా ఒక్కటే. పది సబ్‌కల్చర్ల దాకా నిలిస్తే నేను 2వ పోస్టులో చెప్పింది తప్పు. మెల్లగా మాయమైతే నాది నిజం. మధ్యలో చిన్న ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించగలిగితే 21, 22 అక్షరాల వైరస్ ముక్కలు రెండు పోచల నుంచీ కనిపించాలి. అసలు వైరస్ లోపలికి రాని శిలీంధ్రంలో ఆ ముక్కలు ఉండవు.

25. వరిమడి_రైజో

స్లైడ్లు చూశాను. 34 కలయికలు లెక్కపెట్టాను: 27 సి2, 7 సి1, సి3 ఒక్కటీ లేదు. లేతదాన్ని లేతదానితోనే పెడితే 20లో 20 సి3. ఉప్పు పరీక్షలో రెండు బ్యాండ్లూ నిలిచాయి. ప్రోటోప్లాస్టు దారి మొదలుపెట్టాలి. కొలతలు చెప్పండి.

26. జెల్‌బ్యాండు

కణాలు: మైసీలియం 20, 30 గ్రాములు ఫాస్ఫేట్ బఫర్‌లో రుబ్బి, పీచు తీసేసి, పిఈజి (పాలీఇథిలీన్ గ్లైకాల్) 10 శాతం, సోడియం క్లోరైడ్ 0.6 మోలార్ వేసి 4 డిగ్రీల్లో రాత్రంతా. దిగినదాన్ని కరిగించి సుక్రోజ్ 10 నుంచి 40 శాతం మెట్ల మీద తిప్పండి. ప్రతి పొర నుంచీ డిఎస్‌ఆర్‌ఎన్‌ఏ తీసి మీ రెండు బ్యాండ్లు ఏ పొరలో ఉన్నాయో చూడాలి. తొడుగు ఒకరిది, లోపల జీనోమ్ ఇంకొకరిది అయిన సందర్భాలున్నాయి: జపాన్‌లో రొసెలీనియాలో యాదోకరి అనే వైరస్ వేరే వైరస్ తొడుగులో కాపురముంటుంది. కాబట్టి పొరలోని ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్స్ చేయించే ఎక్కించండి.

ప్రోటోప్లాస్టులు: 24 గంటల లోపు లేత మైసీలియమే, ముదిరితే గోడ కరగదు. సార్బిటాల్ లేక సుక్రోజ్ గాఢత పడిపోతే పగిలిపోతాయి, కడిగే నీటిలో కూడా అది తప్పకుండా ఉండాలి. మిల్లీలీటరుకి 10 లక్షల నుంచి కోటి దాకా. కణాలు కలిపి ఐసు మీద అరగంట, తర్వాత పిఈజి 4000తో కాల్షియం క్లోరైడ్ ఉన్న బఫర్ మెల్లగా, చుక్క చుక్క. ఒక్కసారిగా పోస్తే ముద్ద కడతాయి. కంట్రోల్ తప్పనిసరి: వైరస్ లేకుండా పిఈజి మాత్రమే వేసినవి. ప్రోటోప్లాస్టు దశ దాటిన రైజోక్టోనియా కొన్నిసార్లు వైరస్ లేకుండానే నీరసంగా పెరుగుతుంది, అది చూసి వైరస్ ఎక్కిందని రాసేసే ప్రమాదం ఉంది.

27. చెస్ట్‌నట్‌పుండు

ఎక్కిన కాలనీలు ముదురుదానివే అని మైక్రోశాటిలైట్ గుర్తులతో (ఐసొలేట్‌ని బట్టి మారే డిఎన్‌ఏ గుర్తులతో) తేల్చుకోండి. ఎదురెదురు ప్లేటులో అయితే లేతదాని తంతువు గీత దాటి పాకి మీ ముక్కలోకి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంది.

మొదలుపెట్టేముందు లేతదాన్ని దాచండి. బార్లీ గింజల్ని ఆటోక్లేవ్ చేసి, దాన్ని వాటి మీద పెంచి, ఆరబెట్టి మైనస్ 20లో. మూడు సీసాలు, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో. సబ్‌కల్చర్ మీద సబ్‌కల్చర్ చేస్తూ పోతే కొనల దగ్గర వైరస్ జారిపోయి, ఒక రోజు అది కూడా ముదురుదానిలా పరిగెత్తడం మొదలుపెడుతుంది. అప్పుడు తిరిగి వెళ్ళడానికి ఆ సీసాలే దిక్కు.

28. వరిమడి_రైజో

గింజలు ఆటోక్లేవ్‌లో పెట్టాను. సీసాలు ఫ్రీజర్‌లోకి వెళ్ళాకే రిబవిరిన్ ప్లేట్లు పోస్తాను.